జెఫ్ పొర్కారో లాంటి సెషన్ డ్రమ్మర్‌కు కుటుంబం నిజంగా ఏమిస్తుంది?

మీరు ముఖ్యంగా రెండు విషయాలు అడిగారు. అమెరికన్ డ్రమ్మర్ జెఫ్ పొర్కారో ఇరవయ్యేళ్ళకే అంత పెద్ద రికార్డుల్లో వాయించగలిగాడంటే, అతని తండ్రి అప్పటికే లాస్ ఏంజెలస్ స్టూడియోల్లో స్థిరపడి ఉండటమే కారణమా అన్నది మొదటిది. అలాంటి కుటుంబం లేని మీ అబ్బాయి సెషన్ డ్రమ్మర్‌గా, అంటే ఇతరుల రికార్డింగులకు పిలిచినప్పుడు వెళ్ళి వాయించే డ్రమ్మర్‌గా, బతకాలని కోరుకోవడం అత్యాశ అవుతుందా అన్నది రెండోది. మా నాన్నగారు కోడంబాక్కం స్టూడియోల్లో ఢోలక్, తబలా వాయించి మమ్మల్ని పెంచారు. నేను మొదట చెన్నైలోనూ, తరువాత హైదరాబాదులోనూ డ్రమ్స్ వాయిస్తూ బతుకుతున్నాను. కాబట్టి మొదటిదానికి పొర్కారో గురించి తెలిసినదాన్ని బట్టీ, రెండోదానికి ఈ వృత్తిలో చూసినదాన్ని బట్టీ జవాబు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అలాంటి ఇల్లు పిల్లవాడికి ఇచ్చే వాటిలో అన్నిటికన్నా విలువైనది పాట తనది కాదనీ, తాను ఆ పాటకు పనిచేయడానికి వచ్చాననీ చిన్ననాడే తెలియడం. పరిచయాలు దాని తరువాతే. ఆ తెలివిడిని బయటివారు కూడా సంపాదించుకోగలరు, కాకపోతే ఆలస్యమవుతుంది.

జెఫ్ 1954 ఏప్రిల్ 1న కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జో పొర్కారో అక్కడి సింఫనీ ఆర్కెస్ట్రాలోనూ, జాజ్ బృందాల్లోనూ తాళవాద్యాలు వాయించేవారు. ఆయన చిన్ననాటి స్నేహితుడు ఎమిల్ రిచర్డ్స్ అంతకుముందే లాస్ ఏంజెలస్ వెళ్ళి స్టూడియో పనిలో కుదురుకున్నారు. 1960ల నడుమ పొర్కారో కుటుంబం కూడా అక్కడికి తరలివెళ్ళింది. సినిమాల నేపథ్య సంగీతం, టెలివిజన్ కార్యక్రమాలు, రికార్డులు ఇలా ఏ పని వచ్చినా జో చేసేవారు. డ్రమ్స్, మరింబా, టింపనీ, జైలోఫోన్ అన్నీ ఆయన చేతిలో ఉండేవి. జెఫ్ ఏడేళ్ళ వయసులో తండ్రి దగ్గరే కర్రలు పట్టుకున్నాడు. తమ్ముళ్ళలో మైక్ బాస్ గిటారు వైపు, స్టీవ్ కీబోర్డుల వైపు వెళ్ళారు.

వినోద రంగపు కుటుంబం అనగానే మనకు తారల ఇళ్ళు గుర్తుకు వస్తాయి. పొర్కారోలది అలాంటి ఇల్లు కాదు. తార కొడుకు పెరిగే ఇంట్లో చప్పట్లు వినిపిస్తాయి, ఫొటోలు కనిపిస్తాయి. సెషన్ వాద్యకారుడి కొడుకు పెరిగే ఇంట్లో టెలిఫోను మోగుతుందా లేదా అన్నదే ముఖ్యం. మా ఇల్లు అలాంటిదే కనుక ఆ తేడా నాకు బాగా తెలుసు. కాల్‌షీటు ఉన్న రోజు నాన్నగారు తెల్లవారకముందే లేచి, రెండు వేర్వేరు శ్రుతుల ఢోలక్‌లను తడిమి చూసుకుని, తబలా సుత్తి, పౌడర్ డబ్బా, చిన్న నోటుపుస్తకం సంచిలో పెట్టుకునేవారు. ఆ పుస్తకంలో ఒక్కో పాటకు ఏ బార్‌లో (తాళపు ఆవర్తంలో) మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కేవలం ‘తా’ ఒక్కటే వేసి చేయి తీసేయాలో మాత్రమే ఉండేది. పాట పల్లవి గాని, కవి పేరు గాని, నటుల పేర్లు గాని అందులో ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక ఏం వాయించారని అడిగితే, తాను వాయించినదాని కన్నా ఫ్లూట్ వాయించినవారు ఆ రోజు ఎంత బాగా వాయించారో చెప్పేవారు. ఇదంతా మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ ఇంట్లో తిరగడం వల్ల అబ్బింది. జో పొర్కారో పిల్లలకు కూడా ఇలాగే అబ్బి ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే జెఫ్ వాయించిన రికార్డుల్లో ఆ స్వభావమే వినిపిస్తుంది.

ఇక పరిచయాల సంగతి. అవి ఉన్నాయి, ఉపయోగపడ్డాయి కూడా, దాన్ని కాదనడం అన్యాయం. జెఫ్ చదివిన గ్రాంట్ హైస్కూల్లోనే తరువాత టోటో అనే రాక్ బృందంలో గిటారిస్టు అయిన స్టీవ్ లుకథర్ కూడా చదువుకున్నాడు. జెఫ్ స్నేహితుడు డేవిడ్ పేచ్ తండ్రి మార్టీ పేచ్ పేరున్న అరేంజర్, కండక్టర్. సంగీతమే జీవనోపాధిగా ఉన్న ఇళ్ళ పిల్లలు ఒకరికొకరు దొరకడం ఆ ఊరి ప్రత్యేకత. జెఫ్ పదిహేడేళ్ళ వయసులో హైస్కూలు వదిలేసి సోనీ అండ్ షేర్ అనే గాయక జంట బృందంతో పర్యటనకు వెళ్ళాడు. మధ్యతరగతి తెలుగు తల్లిదండ్రులెవరైనా గుండె పట్టుకునే నిర్ణయం అది. ఆ ఇంట్లో అది ఉద్యోగంలో చేరడం వంటిదే.

అయితే మొదటి పిలుపు ఎలా వచ్చిందన్నది ఒక విషయం, రెండో పిలుపు ఎందుకు వచ్చిందన్నది మరో విషయం. స్టీలీ డాన్ పేరుతో పనిచేసిన డానల్డ్ ఫేగన్, వాల్టర్ బెకర్ రికార్డింగు విషయంలో ఎంతటి పట్టుదల గలవారో రాక్ సంగీతం తెలిసిన ప్రతివారికీ తెలుసు. నచ్చకపోతే ఎంత పెద్ద వాద్యకారుణ్ణయినా పక్కనపెట్టి మరొకరితో వాయింపించేవారు. అలాంటివారు ఎవరి కొడుకన్నది చూడరు. 1974లో వచ్చిన ‘ప్రెట్జెల్ లాజిక్’లో వారు జెఫ్ చేత కొంత వాయింపించి, 1975 నాటి ‘కేటీ లైడ్’లో ఒక్క పాట మినహా డ్రమ్స్ మొత్తం అతనికే అప్పగించారు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్ళు. ఆ మిగిలిన ఒక్క పాటకు వాయించినది హాల్ బ్లేన్. 1960లలో అమెరికాలో హిట్టయిన పాటల్లో లెక్కకు మించినవాటికి డ్రమ్స్ వాయించిన మహానుభావుడాయన. ఒక తరం వెళుతూ మరో తరానికి కుర్చీ ఇవ్వడం ఒకే రికార్డులో వినిపిస్తుంది. ఆ ఆల్బమ్ విన్నప్పుడల్లా నాకు అదే ముందు తడుతుంది.

అదే ఆల్బమ్‌లో ‘యువర్ గోల్డ్ టీత్ టూ’ అనే పాట లయపరంగా చాలా కష్టమైనది. జాజ్ పోకడలో కొలతలు మారుతూ నడుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఫేగన్ తనకు డానీ రిచ్మండ్ డ్రమ్స్ వాయించిన జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ రికార్డు ఒకటి ఇచ్చి వినమన్నాడనీ, అది విన్నాకే పాట దారికి వచ్చిందనీ జెఫ్ చెప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు, అంతటి చేయి ఉన్నవాడు, ఇంటికి వెళ్ళి మరొకరి రికార్డు పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. మీ అబ్బాయికి పొర్కారో జీవితంలో ఒక్క విషయమే చెప్పాలనుకుంటే ఇది చెప్పండి.

1976లో గాయకుడు బోజ్ స్కాగ్స్ ఆల్బమ్ ‘సిల్క్ డిగ్రీస్’ వచ్చింది. దానిలో జెఫ్, డేవిడ్ పేచ్, బాస్ వాయించిన డేవిడ్ హంగేట్ కలిసి పనిచేశారు. ఆ ముగ్గురి చుట్టూనే 1977లో టోటో తయారైంది. అందులోని ‘లోడౌన్’ పాటలో హైహాట్‌ను (కాలితో మూసి తెరిచే జంట తాళాలను) ఒకసారి చెవి పెట్టి వినండి. దెబ్బకు నాలుగేసి చొప్పున పడే పదహారో వంతు స్వరాలు ఎక్కడా ఒత్తిడి లేకుండా సాగిపోతాయి. ఒక్కచోట కూడా ‘నన్ను చూడండి’ అన్న ధోరణి ఉండదు.

‘రొజానా’ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డ్రమ్మర్లు అతన్ని గుర్తుపెట్టుకునేది ఎక్కువగా దీనివల్లే. 1982లో వచ్చిన ‘టోటో ఫోర్’ ఆల్బమ్‌లోని మొదటి పాట ఇది. లయ తెలిసిన తెలుగువారికి దీన్ని తిశ్రగతిలో చెప్పడం సులువు. ఒక్కో దెబ్బను మూడు భాగాలు చేయండి. హైహాట్ మొదటి, మూడో భాగాల మీద పడుతుంది. నడిమి భాగంలో ఎడమ చేయి స్నేర్ (డ్రమ్మర్ ముందుండే చిన్న డ్రమ్) మీద వినీ వినబడనంత మెల్లగా తగులుతుంది. దీన్ని ఘోస్ట్ నోట్ అంటారు. నాలుగు దెబ్బల బార్‌లో మూడో దెబ్బ మీద మాత్రం అదే ఎడమ చేయి నిండుగా పడాలి. అంటే ఒకే చేయి ఒకే బార్‌లో గుసగుసగానూ పలకాలి, గట్టిగానూ పలకాలి, గట్టి దెబ్బకు ముందూ వెనుకా ఉన్న మెల్లని దెబ్బలు చెదరకూడదు. కింద కాలితో కొట్టే పెద్ద డ్రమ్, కిక్, వేరే లెక్కలో నడుస్తుంది. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ షఫుల్ నడక, లెడ్ జెప్లిన్ పాట ‘ఫూల్ ఇన్ ది రెయిన్’లో జాన్ బోనమ్ వాయించిన తీరు, బో డిడ్లీ లయ, ఈ మూడింటినీ కలిపి దాన్ని కట్టుకున్నానని జెఫ్ తన వీడియో పాఠంలో స్వయంగా వాయించి చూపించాడు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడో పేర్లు పెట్టి చెప్పాడు. గురువుల పేరు చెప్పకుండా కచేరీ మొదలుపెట్టని సంప్రదాయంలో పెరిగిన మనకు ఇది బాగా అర్థమవుతుంది.

నేను ఈ పాటను సాధన చేసినప్పుడు చేతులు చాలా త్వరగానే కుదిరాయి. కుదరనిది నెమ్మది. మెల్లని దెబ్బలు ఎంత మెల్లగా ఉండాలన్నది కాగితం మీద రాయలేనిది. కొంచెం గట్టిగా పడితే పాట బరువెక్కుతుంది, మరీ తగ్గితే నడకలో ఊపు పోతుంది. ఆ పాళ్ళు నాకు పట్టుబడినది నాన్నగారు మెలొడీ పాటకు ఢోలక్ ఎలా వాయించేవారో జ్ఞాపకం తెచ్చుకున్నాకే. ఎడమ అరచేతి మడమతో ఢోలక్ ఎడమ వైపును నొక్కి ఆయన తీసే గుమికీ (లోతుగా జారే నాదం) మైకుకు అందీ అందనట్టు ఉండేది, అయినా అది లేకపోతే పాట నిలబడేది కాదు.

సెషన్ పని అంటే ఏమిటో తెలియడానికి మరో రెండు ఉదాహరణలు. పింక్ ఫ్లాయిడ్ 1979 నాటి ‘ది వాల్’లో ‘మదర్’ పాటకు డ్రమ్స్ వాయించినది జెఫ్. అందులో కొలతలు మాటిమాటికీ మారుతుంటాయి. ఆ బృందపు డ్రమ్మర్ నిక్ మేసన్‌కు అది కుదరక జెఫ్‌ను పిలిపించారు. పాట వింటే అంత లెక్క ఉన్నట్టే అనిపించదు, తల్లితో మాట్లాడుతున్న కొడుకు గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఇక 1982లో మైకేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’. ఎడ్డీ వాన్ హేలన్ సోలో వాయించే క్రమంలో టేపును కోయడం వల్ల, జతగా నడపవలసిన రెండు టేపులూ కలిసి నడవని పరిస్థితి వచ్చింది. అప్పటికే పాడి ఉన్న మైకేల్ గొంతును ఆధారం చేసుకుని జెఫ్, లుకథర్ మళ్ళీ వాద్యాలన్నీ కట్టుకొచ్చారని లుకథర్ చెప్పాడు. మామూలుగా డ్రమ్స్ మీద గొంతు కూర్చుంటుంది. ఇక్కడ గొంతు కింద డ్రమ్స్‌ను పెట్టవలసి వచ్చింది. గాయకుడు శ్వాస ఎక్కడ తీసుకుంటున్నాడో వినగలిగినవాడికి మాత్రమే అది సాధ్యం. అదే ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లోని ‘హ్యూమన్ నేచర్’ స్వరపరిచినది జెఫ్ తమ్ముడు స్టీవ్.

కుటుంబం సంగతికి మళ్ళీ వస్తే, ‘ఆఫ్రికా’ పాట దానికి మంచి సాక్ష్యం. జెఫ్, పెర్కషనిస్టు లెనీ కాస్ట్రో కలిసి కొన్ని నిమిషాల పాటు లయ వాయించి, అందులో బాగున్న చిన్న ముక్కను మళ్ళీ మళ్ళీ తిరిగే టేపు లూపుగా చేసి, దాని మీద పాట కట్టారు. తండ్రి జో కూడా ఆ ఆల్బమ్‌లో తాళవాద్యాలు వాయించారు. కొడుకు బృందంలో తండ్రి మామూలు వాద్యకారుడిగా వచ్చి, తన వంతు వాయించి వెళ్ళడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఆ ఆల్బమ్‌కు 1983లో గ్రామీ పురస్కారాల్లో అత్యున్నతమైనది దక్కింది.

తరువాత కాలంలో జెఫ్ వాయించనిచోటు వెతుక్కోవలసి వస్తుంది. మైకేల్ మెక్‌డానల్డ్, డాన్ హెన్లీ, డైర్ స్ట్రెయిట్స్ ‘ఆన్ ఎవ్రీ స్ట్రీట్’, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘హ్యూమన్ టచ్’ ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. ఇంత చేసినవాడు తన లయ నిలకడ గురించి తానే అసంతృప్తిగా మాట్లాడేవాడు. 1980లో రోజర్ లిన్ డ్రమ్ యంత్రం బజారులోకి వచ్చినప్పుడు కొందరు డ్రమ్మర్లు దాన్ని శత్రువుగా చూశారు. జెఫ్ దాన్ని నేర్చుకుని, జార్జ్ బెన్సన్ పాటకు దానితోనే ప్రోగ్రామింగ్ చేశాడు. చెన్నైలో 1990లలో కీబోర్డు ప్రోగ్రామింగ్ పెరిగి, కాల్‌షీట్లు తగ్గి, నాన్నగారి తరం ఇళ్ళల్లో టెలిఫోన్లు మోగడం తగ్గిపోయిన రోజులను నేను కళ్ళారా చూశాను. ఎంతో విద్య ఉన్నవారు పెళ్ళి కచేరీలకు, భజన బృందాలకు వెళ్ళవలసి వచ్చింది. రిథమ్ ప్యాడ్ నేర్చుకున్నవారు నిలబడ్డారు. ఈ విషయంలో ఏ కుటుంబమూ ఎవరినీ కాపాడలేదు.

జెఫ్ 1992 ఆగస్టు 5న, 38 ఏళ్ళకే చనిపోయాడు. టోటో పర్యటన దగ్గర పడటంతో అతని స్థానంలోకి లండన్ నుంచి సైమన్ ఫిలిప్స్ వచ్చాడు. అతను కూడా ఇలాంటి ఇంటివాడే. తండ్రి సిడ్ ఫిలిప్స్ క్లారినెట్ విద్వాంసుడు, బృంద నాయకుడు. సైమన్ పన్నెండేళ్ళకే తండ్రి బృందంలో జీతానికి వాయించడం మొదలుపెట్టి, తరువాత జెఫ్ బెక్, పీట్ టౌన్‌షెండ్, జూడాస్ ప్రీస్ట్, మైక్ ఓల్డ్‌ఫీల్డ్ వంటివారి రికార్డుల్లో వాయించాడు. మన దగ్గర డ్రమ్స్ శివమణి గారి తండ్రి ఎస్.ఎం. ఆనందన్ గారు కూడా చెన్నైలో తాళవాద్య కళాకారులే. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే కుటుంబం లేనివాడికి చోటు లేదన్న భయం మీకు కలగడం సహజం.

కానీ జో పొర్కారో చేసిన మరో పనిని కూడా లెక్కలోకి తీసుకోండి. 1980లో ఆయన, రాల్ఫ్ హంఫ్రీ కలిసి హాలీవుడ్‌లో తాళవాద్యాల శిక్షణ సంస్థకు పాఠ్యక్రమం ఏర్పరచి, చాలా ఏళ్ళు బోధించారు. తన కొడుకులకు ఇంట్లో అందినదాన్ని ఫీజు కట్టి వచ్చిన ఎవరికైనా నేర్పవచ్చునని ఆయనకు నమ్మకం లేకపోతే ఆ పనికి పూనుకునేవారు కాదు. నా అనుభవం కూడా అదే చెబుతుంది. నాకు మొదటి సెషన్ నాన్నగారి స్నేహితుడి మాట వల్ల వచ్చింది. ఆ తరువాత చాలాకాలం మళ్ళీ ఎవరూ పిలవలేదు. అదే సమయంలో గుంటూరు దగ్గరి ఒక చర్చి క్వయర్‌లో డ్రమ్స్ నేర్చుకుని వచ్చిన మిత్రుడొకరు, ఇంట్లో సంగీతం తెలిసినవారెవరూ లేకపోయినా, నాకన్నా ముందు నిలదొక్కుకున్నారు. ఆయన కారల్స్ వాయిస్తూ స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య సంగీత లిపి) చదవడం నేర్చుకున్నారు. ప్రతి ఆదివారం పాడేవారికి తోడుగా వాయించి వాయించి, గొంతును మింగేయకుండా వాయించడం ఆయనకు అలవాటైపోయింది. సంగీత దర్శకుడు సరిగ్గా దాని కోసమే పిలుస్తాడు.

మీ అబ్బాయి విషయానికి వస్తే, ఇప్పుడు హైదరాబాదులో గాని, చెన్నైలో గాని పెద్ద ఆర్కెస్ట్రా అంతా ఒకేచోట కూర్చుని వాయించే సందర్భాలు తక్కువ. ఒక్కొక్కరూ విడిగా వచ్చి వాయించి వెళతారు, లేదా ఇంటి దగ్గరే రికార్డు చేసి ఫైలు పంపిస్తారు. అందుచేత క్లిక్‌తో (చెవిలో టిక్కుమంటూ లయ చెప్పే శబ్దంతో) వాయించడం, నొటేషన్ చదవడం, తన డ్రమ్స్‌కు తానే మైకులు పెట్టుకోవడం తప్పనిసరి. కేవలం సినిమా సెషన్ల మీద ఇల్లు నడపడం కష్టం కాబట్టి స్టేజి షోలు, బోధన, చర్చి, జింగిల్స్ అన్నీ కలుపుకోవాలి. ఆదాయం ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదని మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో అమ్మ కుట్టుమిషను లేకపోతే కొన్ని సంవత్సరాలు గడిచేవి కావు.

డిగ్రీ ఆపించాలా వద్దా అని కూడా అడిగారు. నా సలహా ఆపవద్దనే. జెఫ్ పదిహేడేళ్ళకు బడి మానేసినప్పుడు అతని చేతిలో అప్పటికే పర్యటన ఒప్పుకున్న బృందం ఉంది. మీ అబ్బాయికి ఇంకా లేదు. చదువుకుంటూనే ఊళ్ళో ఉన్న గాయకులకు తోడుగా వాయించమనండి, వాయించిన ప్రతిదాన్ని ఫోనులో రికార్డు చేసుకుని, మరునాడు తన డ్రమ్స్‌ను పక్కనబెట్టి పాడినవారి గొంతు ఎలా వినిపిస్తోందో వినమనండి. గాయకులు తమంతట తాము మళ్ళీ అతన్నే కావాలని అడగడం మొదలైతే, అప్పుడు చెన్నై రైలు గురించి ఆలోచించవచ్చు.